మంచిది తక్కువుంది

2004 మే నెల. మేడ్చల్ బస్ డిపో వెనక సందులో, మందుల షాపు మీద ఒంటిగది రక్తపరీక్షల ల్యాబు.

“నాదే తప్పు సార్.”

“ఆగవయ్యా! నేనింకా నోరు తెరవందే తప్పేవిటి నీది? మెట్లెక్కి ఊపిరన్నా తీసుకోలేదు. అసలు నేనెవరో తెలుసా నీకు?”

“ఎర్కే సార్. రాజారావు సార్. గుండ్లపోచంపల్లి కాడ కొత్త కాలనీ, మూడో గల్లీ. మా అమ్మ మీ ఇంటికి చేపలు తెస్తది. మైసమ్మ. శామీర్‌పేట నుంచి.”

“నువ్వు మైసమ్మ కొడుకువా?”

“సాయినాథ్‌ను సార్. కూసోర్రి. నీళ్లు తాగుతరా?”

“ఇక్కడా? ఆ గ్లాసుల పక్కన ఆ సీసాలేవిటి?”

“మూత్రం సార్. మూతలున్నయి.”

“ఛీ! మంచినీళ్ల బల్లా అదే, ఉచ్చ సీసాల బల్లా అదేనా? ఈ కంపేవిటి, ఈ గోడల మీద మరకలేవిటి? ఇలాంటి కొంపలో చేసిన పరీక్ష నమ్ముకుని రెండేళ్లు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయాను. నన్ననుకోవాలి ముందు.”

“అమ్మకెట్లుంది సార్?”

“మా ఆవిడ సంగతి నీకెవరు చెప్పారు?”

“అదీ... మా అమ్మనే సార్. నిన్న చేపలు తెస్తే మీ ఇంటికి తాళమున్నదంట. పక్కింటోళ్లు చెప్పిన్రంట. ఎట్లుంది?”

“రేపు పొద్దున ఛాతీ కోస్తారు. మూడు నాళాలు మూసుకుపోయాయి. యాభై ఏళ్లు నిండలేదు మనిషికి. ‘ఇన్నాళ్లూ కొలెస్ట్రాల్ చూపించలేదా?’ అని నన్ను దొంగని అడిగినట్టు అడిగాడా డాక్టరు. చూపించామయ్యా, మేడ్చల్లో ఒక మహానుభావుడు పరీక్ష చేసి మంచిదని చెప్పాడయ్యా అన్నాను. పాత కాయితం పట్రమ్మన్నాడు. అందుకొచ్చాను. లేకపోతే ఈ మెట్లెక్కుతానా నేను?”

“నాదే తప్పు సార్.”

“మళ్లీ అదే పాట! రెండేళ్ల కిందట మా కాలనీలో ఆదివారం క్యాంపు పెట్టారు. గుర్తుందా?”

“ఉన్నది సార్. షామియానా ఏసిన్రు. నేనే వచ్చి నెత్తురు తీసిన.”

“నాదీ తీశావు, పార్వతిదీ తీశావు.”

“తీసిన.”

“సాయంత్రం ఫోన్ చేశావు. నాది చెడ్డదన్నావు, ఆవిడది మంచిదన్నావు. అన్నావా లేదా?”

“తప్పు నాదే—”

“ఏం తప్పు? అదే అడుగుతున్నాను. సీసాలు మార్చావా? ఒకరి రక్తం ఇంకొకరి పేరున రాశావా?”

“అట్లనే అనుకోర్రి.”

“అనుకోవడమేవిటి! ఎండలో స్కూటరేసుకుని నేనిక్కడికి అనుకోవడానికొచ్చానా?”

“మార్చిన సార్. సీసాలే మార్చిన.”

“అయితే చెడ్డ రక్తం ఆవిడదీ, మంచిది నాదీనా?”

“ఆ... గంతే సార్.”

“అబద్ధం! మూణ్ణెల్ల తర్వాత నేను సికిందరాబాదులో మళ్లీ చేయించుకున్నాను. అక్కడా నాది చెడ్డదే వచ్చింది. అబద్ధమాడటం కూడా చేతకాదేవయ్యా నీకు?”

“జర కూసోర్రి సార్. ఫ్యాను ఏస్త.”

“నువ్వలా ఫోన్ చేసిన రోజునుంచీ నా నోరు చచ్చిపోయింది, తెలుసా? నూనె లేని బీరకాయ. ఉడకబెట్టిన సొరకాయ. గుడ్డులో తెల్లసొన మాత్రమే. పొద్దున్నే రబ్బరు ముక్క నమిలినట్టుండేది, కళ్లు మూసుకుని మింగేవాణ్ణి. భీమవరం వాణ్ణి, నేను తినే తిండేనా అది? యాక్. అయినా తిన్నాను. పార్వతి ఎదురుగా కూర్చుని తినిపించింది. నాకేవైనా అయిపోతుందని దానికి భయం. చివరికి అయింది ఎవరికి?”

“సాయీ, గీ ఉచ్చ సీస యాడ పెట్టమంటవు బిడ్డా?”

“భిక్షం తాతా, మూత బెట్టి గా బల్ల మీద పెట్టు.”

“మూత ఏడున్నది? మెట్ల మీద పడి దొర్లిపోయింది.”

“ఛీ ఛీ ఛీ! చూసుకోవేవయ్యా పెద్దాయనా! నా చెయ్యి మీద పడింది!”

“గంత పరేషానెందుకు సారూ? నాకు షుగర్ లేదు. చీమలు గూడ రావు.”

“తాతా, నువ్వు పో. మాపటీలి రా. సార్, గీ సబ్బుతోని కడుక్కోర్రి. గా నల్లా తిప్పుర్రి... అటు సార్, అటు.”

“ఈ సబ్బు ముట్టుకుంటే ఇంకో రోగం వచ్చేట్టుంది. చూడు సాయినాథ్, నీతో నాకు కబుర్లొద్దు. కన్స్యూమర్ కోర్టుకీడుస్తాను నిన్ను.”

“ఈడువుర్రి సార్.”

“పేపర్లో వేయిస్తాను.”

“ఏయిర్రి.”

“ఈ ల్యాబుకు తాళం వేయిస్తాను!”

“మీ ఇష్టం సార్.”

“నీకు సిగ్గూ శరం లేవా? ఒక మాటైనా ఎదురు చెప్పవేం? తిడుతుంటే బంక మట్టిలా అలా నిలబడతావేం? నాకు తిట్టడం కూడా రోత పుడుతోంది. కాయితం ఇయ్యి, పోతాను. పార్వతీదేవి, 2002, జులై.”

“లేదు సార్. చెదలు పట్టింది.”

“మీరు రాసుకునే పుస్తకం ఉంటుందిగా?”

“అది గూడ పట్టింది.”

“మరి ఆ అలమారులో ‘2002’ అని అట్ట మీద ఇంతింత అక్షరాలతో రాసుందే, అదేవిటి? నాకు కళ్లజోడుందయ్యా.”

“సార్, తియ్యకుర్రి. దుమ్మున్నది. సార్, అది పోయినేడుది... సార్, నేను జూస్త, మీరు కూసోర్రి—”

“తప్పుకో. మే... జూన్... ఇదుగో జులై. క్యాంపు. ‘రాజారావు, 52.’ దాని కిందే ‘పార్వతీదేవి, 48.’ చెదలట, చెదలు! చక్కగా ఉంది. నాది మొత్తం కొలెస్ట్రాల్ 252. ఆవిడది మొత్తం 198. పైన నువ్వే రాశావు, రెండొందల లోపు ఉండాలని. లోపే ఉందిగా?”

“లోపే ఉన్నది సార్.”

“అంటే మంచిదేగా? మంచిదైతే మూడు నాళాలెందుకు మూసుకుపోతాయి? అంటే ఈ అంకె తప్పు. నీ డొక్కు మిషను తప్పు చూపించింది. ఈ అంకె తప్పని రాసి సంతకం పెట్టు.”

“అంకె తప్పు కాదు సార్.”

“ఏవిటీ?”

“నన్ను తిట్టుర్రి, పడ్త. నా అంకెను అనకుర్రి. గది గలీజుగుంటే ఉన్నది, ఒప్పుకుంట. పని మాత్రం గలీజుగ చెయ్యలే. ఆ దినం ఇద్దరియి రెండేసిసార్లు పెట్టి చూసిన.”

“ఇందాకటి నుంచీ తప్పు తప్పని చెంపలేసుకున్నావు! సీసాలు మార్చానన్నావు!”

“మార్చలే సార్.”

“అంకె తప్పు కాదు, సీసాలు మారలేదు. మరి ఆవిడ అక్కడ గొట్టాలు పెట్టుకుని ఎందుకు పడుకుంది?”

“మొత్తం చూస్తే తెల్వది సార్. మొత్తంల రకాలుంటయి. మీరు పక్క గీతలల్ల చూస్తలేరు.”

“ఈ ఇంగ్లీషు అక్షరాలా? హెచ్ డి ఎల్, ఎల్ డి ఎల్... నాకు సికిందరాబాదులో కూడా ఎవరూ చెప్పలేదు. మాత్ర రాశారు, నూనె మానమన్నారు. కొలెస్ట్రాల్ అంటే కొవ్వు, కొవ్వంటే రోత. అంతేగా?”

“అంతే కాదు సార్. ఎల్డీఎల్ అని ఒకటి, అది చెడ్డది. నెత్తుర్ల తిరుక్కుంట పోయి నాళాల గోడలకు అంటుకుంటది, పేరుకుంటది. హెచ్డీఎల్ ఇంకోటి. అది మంచిది. గా పేరుకునేదాన్ని ఎత్తుకపోయి కార్జానికి, గదే లివర్‌కు, అప్పజెప్తది. మూడోది ట్రైగ్లిజరైడ్లని, తీపి, నూనె, అన్నం ఎక్కువైతే పెరిగే కొవ్వు. చెడ్డది తక్కువుండాలె, మంచిది ఎక్కువుండాలె.”

“కొవ్వులో మంచిదేవిటయ్యా? కుళ్లులో మంచి కుళ్లుంటుందా ఎక్కడన్నా?”

“ఉంటది సార్. మేడ్చల్ మార్కెట్ల చెత్త పోసేటోళ్లు కొద్దిమందే ఉన్నా, ఊడ్చేటోళ్లు రాకుంటే ఏమైతది?”

“పేరుకుంటుంది. కంపు కొడుతుంది.”

“గదే సార్. మొత్తం రెండొందల లోపున్నా, ఊడ్చేది లేకుంటే లాభం లేదు.”

“ఆ ఊడ్చేది ఎంతుండాలి?”

“ఆడోళ్లకు యాభై దాటాలె.”

“ఈవిడకెంతుంది?”

“సార్, ఇగ చాలు. నేను కాయిదం మీద ఎక్కించి ఇస్త, డాక్టర్‌కు ఇయ్యుర్రి.”

“ఎంతుందీ అని అడుగుతున్నాను!”

“ఇరవై తొమ్మిది.”

“ఇరవై తొమ్మిదా... నాకు?”

“నలభై నాలుగు సార్. మీకు ఎల్డీఎల్ నూట డెబ్బై రెండు, గదే మీ కత. అమ్మకు ఎల్డీఎల్ మరీ ఎక్కువ లేదు. మంచిది లేదు. ట్రైగ్లిజరైడ్లు గూడ రెండొందల నలభై.”

“తెలిసీ మంచిదని చెప్పావా నాకు? తెలిసీ? ఛీ, నువ్వు మనిషివేనా? ఆ మాట ముందే చెప్పుంటే ఆవిణ్ణి ఎక్కడికైనా తీసుకెళ్లేవాణ్ణిగా! ఇక్కడ ఎర్ర సిరాతో ఏదో గిలికావే, ఇదేవిటి? పేరు కింద?”

“అది గిట్లనే... నా గుర్తుకు రాసుకున్న. పుస్తకం ఇటియ్యుర్రి సార్.”

“వదులు! ‘ఫోన్ చేసిన. సార్ ఎత్తిన్రు. సార్‌ది చెడ్డది ఎక్కువుంది, అమ్మది మంచిది తక్కువుంది అని చెప్పిన. సార్ నవ్వి పెట్టేసిన్రు.’ చూశావా? నీ చేత్తో నువ్వే రాశావు! మంచిది, తక్కువుంది అని!”

“చదవకుర్రి సార్.”

“ఎందుకు చదవకూడదు? నీ అబద్ధం నీ చేత్తోనే దొరికిందిగా! అమ్మది మంచిది, తక్కువుంది. మంచిది. తక్కు... మంచిది తక్కువుంది.”

“సార్.”

“అమ్మది... మంచిది తక్కువుంది.”

“కూసోర్రి సార్. జర కూసోర్రి.”

“నువ్వు మధ్యలో ఆగలేదు.”

“ఆగలే సార్.”

“ఒక్క గుక్కలో చెప్పావు.”

“ఒక్కటే తీరుగ చెప్పిన. ఇద్దరియి.”

“నాది చెడ్డది, ఎక్కువుంది అని విన్నాను. అక్కడ ఆగినా ఆగకపోయినా ఒకటే అయింది. ఆవిడ దగ్గర... రిసీవరు పట్టుకునే వంటింట్లోకి కేకేశాను సాయినాథ్. ‘పార్వతీ, నీది మంచిదట! తక్కువుందట!’ అని. పప్పు పోపేస్తోంది. ‘పోన్లెండి, మీది చెప్పండి ముందు’ అంది.”

“మిగిలింది చెప్దామనుకునేసరికి మీరు పెట్టేసిన్రు సార్.”

“నవ్వానని రాశావు.”

“నవ్విన్రు.”

“ఛీ! ఎలా నవ్వానయ్యా? తెల్లసొన నాకు పెట్టేదా, పచ్చసొన ఏం చేసేదో తెలుసా? పారెయ్యడానికి చేతులు రావు దానికి. తనే తినేది. నా కోడికూర చల్లారితే మీద తేలే కొవ్వు గరిటెతో తీసి తన అన్నంలో పోసుకునేది. ఒకరోజు వద్దులెండి, అరగట్లేదు అంది. నేనేమన్నానో తెలుసా? ‘తిను, నీకేం భయం, నీది మంచిది’ అన్నాను. నా పళ్లెంలోంచి తీసి నేనే వేశాను. ఈ చేత్తో!”

“ఒక్క సొనతోనే వచ్చేది కాదు సార్ గిది.”

“వనస్పతో? ఇంట్లో నూనె నాకు పడదని తగ్గించేసి, తన రొట్టెలకీ ఉప్మాకీ వనస్పతి వాడుకునేది. చవగ్గా వస్తుంది, నీకేం పర్వాలేదన్నాను.”

“వనస్పతి చెడ్డదాన్ని పెంచుతది, మంచిదాన్ని తగ్గిస్తది.”

“అదీ నేనే తెచ్చాను. నెలకి రెండు డబ్బాలు. నిన్న బట్టలు తీసుకెళ్దామని ఇంటికెళ్లి పొయ్యిగట్టు కింద చూశాను. ఒక గాజు సీసా. ఇంజనాయిలులా నల్లగా ఉంది. అమ్మాయికి గారెలు వండిన నూనె, పకోడీలు వండిన నూనె, అన్నీ అందులో పోసి దాచుకుంది. అది తన కూరల్లోకి. మూత తీశాను. అక్కడే తూములో కక్కుకున్నాను. ఎన్ని నెలలదో! ఇంట్లో ఉన్నాను, రోజూ మూడుపూట్లా దాని ఎదురుగా కూర్చుని తిన్నాను. దాని పళ్లెంలో ఏముందో ఒక్కనాడు చూడలేదు.”

“పాప ఉన్నది కద సార్, కండ్లకోయ కాలేజీల చదివే పాప?”

“హర్షిత. అది అడిగేది. ‘ఎందుకమ్మా ఆ చెత్త తింటావు, నువ్వు కూడా నాన్నతో నడకకెళ్లు’ అనేది. నేనే అడ్డం పడ్డాను. ‘నడక నాకు రాశారే, మీ అమ్మకెందుకు? మీ అమ్మది మంచిది’ అన్నాను. రెండేళ్లు తెల్లారకుండా ఒక్కణ్ణీ షూలేసుకుని నడిచాను. నేను తిరిగొచ్చేసరికి పార్వతి నాకు సొరకాయ రసం తీసి పెట్టేది. థూ!”

“సార్, గట్ల ఉమ్మకుర్రి లోపల...”

“నీ గది గలీజు, నేనింకా గలీజు. పర్వాలేదు. మొన్న దవడ లాగుతోందంది. పన్ను నొప్పన్నాను. వీపులో మంటంది, చెమటలు పోసింది. గ్యాసన్నాను. సోడా తాగించాను సాయినాథ్, సోడా. గంటసేపు.”

“ఆడోళ్లకు ఒక్కోపారి గట్లనే వస్తది సార్. ఛాతీ పట్టుకొని పడిపోరు. చానామందికి తెల్వది.”

“నాదైతే తెలిసేది. నాకు దవడ లాగితే అరక్షణంలో ఆటో ఎక్కేవాణ్ణి. సరే... ఆ కాయితం? నువ్వు కాయితం ఇయ్యలేదేం నాకు?”

“తెల్లారి వచ్చిన్రు కద సార్. మెట్లెక్కలే, కింద మందుల షాపు కాడనే ఆగిన్రు. రెండూ ఆడికే తెచ్చిన. మీరు మీది మడతబెట్టి జేబుల ఏసుకున్నరు. అమ్మది గూడ తీస్కపోర్రి అన్న.”

“నేనేమన్నాను?”

“ఇడిసిపెట్టుర్రి సార్.”

“ఏమన్నానూ?”

“‘బాగున్నదానికి కాయితమెందుకయ్యా’ అన్నరు. స్కూటర్ స్టార్ట్ చేసిన్రు. నేను ఎనుక ఉరికేసరికి మలుపు తిరిగిన్రు.”

“అన్నాను. అవును, అన్నాను. గుర్తొస్తోంది.”

“నేనన్న ఇంటికి పంపియ్యాల్సింది. మా అమ్మ మీ గల్లీకే పోతుండె. చేపల తట్టల పెట్టి పంపితే అయిపోతుండె. ఇయ్యాల రేపు అనుకుంట ఇడిసిపెట్టిన. గంతవరకు నిజంగ నాదే తప్పు సార్.”

“అంతవరకే. మిగతాదంతా నాదే. మరి నేను గుమ్మంలో అడుగు పెడుతూనే మొత్తం నీ నెత్తిన ఎందుకేసుకున్నావు?”

“ఊరికెనే సార్.”

“ఊరికే ఎవడన్నా తన ల్యాబుకి తాళం వేయించండంటాడా? చెయ్యని పని చేశానంటాడా? పెళ్లాం పిల్లలున్నవాడివి.”

“ఉన్నరు సార్. బిడ్డ అంకిత, ఇప్పుడిప్పుడే బడికి పోతున్నది.”

“మరి?”

“సార్, నా మాటినుర్రి. అమ్మ అడిగితే ల్యాబోడు తప్పు జెప్పిండని చెప్పుర్రి. డాక్టర్‌కు గూడ అట్లనే చెప్పుర్రి. మస్తుమంది తిడ్తరు నన్ను, ఇంకొకరు తిడితే ఏమైతది? నేనేమనుకోను.”

“ఇప్పటికే నా మీద నాకు రోత పుడుతోంది. పైగా నీ మీదకి తోసేసి చేతులు దులుపుకోమంటావా? చెప్పను. ఇప్పుడే వెళ్లి దాని మంచం పక్కన కూర్చుని నిజం చెప్తాను. ఒక ముక్క సరిగ్గా వినలేక నేనే నీకు రెండేళ్లు విషం పెట్టానని చెప్తాను. రేపు కోశాక లేస్తుందో లేవదో. తెలియకుండా పోకూడదు.”

“చెప్పకుర్రి సార్! మీ కాళ్లు మొక్కుత, ఆపరేషన్ అయ్యేదాంక చెప్పకుర్రి!”

“లే, కాళ్లొదులు. దానికి నిజం తెలిస్తే నీకేం పోయింది? ఇంత బతిమాలుతున్నావేం? ఎవరు నేర్పారు నీకు ఈ నాటకం?”

“ఒట్టు వెట్టించుకున్నది సార్.”

“ఎవరు?”

“పొద్దుగాల దవాఖాన్ల నర్సు సెల్లు అడుక్కొని పార్వతమ్మ ఫోన్ చేసింది. ‘సాయీ, నాలో మంచి కొవ్వు తక్కువుందని ఇక్కడి డాక్టరు అంటుంటే ఆనాటి ఫోను సంగతి నాకు తెలిసిపోయింది. మా ఆయన వస్తాడు, అరుస్తాడు. తప్పు నీదేనని ఒప్పేసుకో నాయనా. తనే తప్పు విన్నాడని తెలిస్తే ఆ మనిషి ఇంక అన్నం తినడు’ అన్నది.”